మధ్యాహ్నం బరువెక్కే స్టీరింగు

యార్డు వెనక గది
సోమవారం

బాబాయికి,

అక్కను బండి దింపేశారు. దింపింది యార్డు మేనేజరు. దింపడానికి సాక్ష్యం పలికింది షెడ్డు మేస్త్రి. ఈ ఇద్దరూ నీకెప్పుడైనా ఎదురుపడితే పలకరించకు.

జరిగింది చెప్తాను. అక్క నడిపే నీళ్ళ ట్యాంకరు ఎంత పాతదో నీకు తెలుసు. నేను బడికి వెళ్ళే రోజుల నుంచీ తిరుగుతున్నదే. కొన్నాళ్ళుగా దాని స్టీరింగు పొద్దున్న తేలిగ్గా ఉండి మధ్యాహ్నానికి బిగుసుకుపోతోందని అక్క అంటూనే ఉంది. ఎవరూ చెవిన పెట్టలేదు. పోయిన వారం మధ్యాహ్నం ట్రిప్పు ముగించుకుని గేటులోకి తిప్పబోతే స్టీరింగు సగంలో మొండికేసింది. బంపరు గేటు స్తంభానికి రాసుకుంది. రాలింది కాస్త సున్నం. అంతమాత్రానికే మేనేజరు బయటికొచ్చి అందరి ముందూ ఏమన్నాడో విను: "నేను ముందే అనుకున్నాను. ఆడమనిషి చేతుల్లో సత్తువ మధ్యాహ్నానికి అయిపోతుంది."

మర్నాడు పొద్దున్నే మేస్త్రి బండెక్కాడు. ఇంజను వేసి, ఒంటి చేత్తో స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, "ఇందులో లోపమేమీ లేదు" అని దిగిపోయాడు. బండిలో లేకపోతే ఇక మనిషిలో ఉన్నట్టే కదా. అక్క ఇప్పుడు గేటు పక్క గదిలో, కిటికీ వెనక కూర్చుని ట్యాంకర్లకు టోకెన్లు ఇస్తోంది. పెద్దాఫీసు అధికారి వచ్చి విచారించాక శాశ్వతంగా అక్కడే వేస్తారట. బండిని పహిల్వాన్‌కి ఇచ్చారు. మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియని మనిషి.

నేను ఊరుకోను బాబాయ్. శ్రమ గురించీ హక్కుల గురించీ అచ్చయిన చిన్న పుస్తకాలు దొరికినవన్నీ చదివాను. అన్యాయం ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. కానీ ఒక్క పుస్తకంలోనూ స్టీరింగు గురించి లేదు. రోజంతా బండ్లు కడుగుతాను గానీ, బోనెట్టు కింద ఏముందో చూసిన పాపాన పోలేదు. అందుకే నిన్ను అడుగుతున్నాను. పవర్ స్టీరింగులో ఆ పవర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? మధ్యాహ్నమయ్యేసరికి ఎక్కడికి పోతుంది? మేస్త్రి దాన్ని ఏం చేసి ఉంటాడు?

నీ అన్న కొడుకు,
ఇప్పటికింకా ఉద్యోగంలోనే ఉన్నవాడు


ఓడరేవు వర్క్‌షాపు
శనివారం

ఒరేయ్ అగ్గిపెట్టె,

నీ ఉత్తరం అందింది. కవరు చేతికి వెచ్చగానే తగిలింది.

పవర్ ఎక్కణ్ణుంచి అంటే ఇంజను నుంచే. ఇంజను తిరుగుతున్నంతసేపూ దాని పక్కన చిన్న పంపు ఒకటి తిరుగుతుంది. డబ్బాలోని నూనెను లాగి, గట్టి ఒత్తిడితో స్టీరింగు బాక్సులోకి తోస్తుంది. మీ అక్క చెయ్యి చేసేదల్లా ఎటు తిరగాలో చెప్పడం. చక్రాలను నెట్టే చాకిరీ నూనెది. పని అయ్యాక ఆ నూనె మళ్ళీ డబ్బాలోకే వస్తుంది. మధ్యలో నూనె సరిగ్గా అందలేదనుకో, చెప్పడమూ చెయ్యే, నెట్టడమూ చెయ్యే. ట్యాంకు నిండా నీళ్ళున్నప్పుడు ఆ బరువు ఆడచేతికీ మగచేతికీ ఒకటే.

ఇక చూడవలసినవి. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి చక్రాలు నేలకు తగలకుండా లేపు. ఇంజను ఆపేసి చేత్తో తిప్పు. అప్పుడూ గట్టిగా ఉంటే రోగం కింద ఉంది, ఎక్కడో గ్రీజు ఎండి పట్టేసింది. తేలిగ్గా ఉంటే రోగం నూనె దారిలో ఉంది. తర్వాత మధ్యాహ్నం పూట బోనెట్టు ఎత్తి చెవి పెట్టు. మూలుగుతోందా? డబ్బాలో నూనె నురగ కడుతోందా?

నా పందెం పంపు మీద. వేడెక్కితే నూనె పల్చబడుతుంది. అరిగిపోయిన పంపు పొద్దున్న చిక్కటి నూనెను ఎలాగో తోస్తుంది గానీ మధ్యాహ్నం పల్చటి నూనె దాని సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది.

ఇంకొక సంగతి. మేస్త్రి నీ ఉత్తరంలో మొదటి నుంచి చివరిదాకా దోషిగానే నిలబడ్డాడు. నువ్వు ఆయనతో మాట్లాడావా?

బాబాయి


యార్డు వెనక గది
గురువారం

బాబాయికి,

నువ్వు చెప్పినవన్నీ చూశాను. పంక్చర్లు వేసే మామయ్యను బతిమాలి జాకీ తెప్పించాను. చక్రాలు గాల్లోకి లేచాక స్టీరింగు తిప్పితే, ఒట్టు, ఉయ్యాలలా తిరిగింది. అంటే కింద ఏ రోగమూ లేదు. మామయ్య నా మొహం చూసి, "ఏరా, బండికి బారసాల చేస్తున్నావా, అంత సంబరం?" అన్నాడు. సంబరమే మరి. రోజూ కడిగే వస్తువు లోపల ఇన్ని దారులున్నాయని నాకిప్పుడే తెలిసింది. కడగడం ఆపి ఒక్కో పైపు వెంట వేలు పెట్టుకుంటూ పోయాను. ఇది లాగే పైపు, ఇది తోసే పైపు, ఇది తిరిగొచ్చే పైపు. మన రక్తం సంగతీ ఇంతేనా బాబాయ్?

మధ్యాహ్నం ట్రిప్పు నుంచి బండి రాగానే చెవి పెట్టాను. మూలుగుతోంది, ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు. నూనె నురగ కట్టింది. మళ్ళీ మర్నాడు పొద్దున్న చూస్తే ఏమీ ఎరగనట్టు నిశ్శబ్దంగా ఉంది.

అసలు విషయం పహిల్వాన్. అందరి ముందూ "బండి బంగారం" అంటున్నాడు. నిన్న టోకెను కోసం కిటికీ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "చెల్లెమ్మా, మధ్యాహ్నం ఈ బండిని ఎలా తిప్పేదానివి?" అని అడిగాడట. దగ్గరికి వస్తే నొప్పుల మందు వాసన గుప్పుమంటోందని అక్క చెప్పింది. మరి ఆ మాట మేనేజరుతో అనవేమయ్యా అంటే, "పహిల్వాన్ అని పిలిపించుకుంటున్నవాణ్ణి, ఎలా అనను?" అన్నాడట.

మేస్త్రితో మాట్లాడావా అన్నావు. మాట్లాడలేదు. ఆయన కూడా నాతో మాట్లాడడు. ఎందుకో అడగకు.

నీ అన్న కొడుకు


టోకెన్ల గది
ఆదివారం

బాబాయికి,

ఎందుకో అడగకు అని వాడు రాశాడట కదా. నేను చెప్తాను. నీకు మొదటి ఉత్తరం వేసిన రోజే షెడ్డు గోడ మీద ఇంత పొడుగు కాగితం అతికించాడు. "మేస్త్రి మేనేజరు చేతి పనిముట్టు, అబద్ధపు సాక్షి" అని ఎర్ర సిరాతో. మేస్త్రిగారు దాన్ని నిదానంగా చదివారు. చిరక్కుండా ఊడదీశారు. మడిచి జేబులో పెట్టుకుని, "జిగురు పల్చగా కలపాల్సింది, గోడ రంగు పోయింది" అన్నారు. ఆ రోజు నుంచి మా బండి జోలికి రావడం లేదు. రమ్మనడానికి మాకు మొహమూ లేదు.

వాడిది చెడ్డ మనసు కాదు. పుస్తకాల్లో శత్రువు ఎప్పుడూ మొదటి పేజీలోనే కనిపిస్తాడు. బయట కూడా అంతే అనుకుంటాడు.

ఇక్కడ కూర్చోవడం కష్టమేమీ కాదు బాబాయ్, ఫ్యాను కూడా ఉంది. కానీ బండ్లన్నీ నా ముందు నుంచే పోతాయి. ఏ బండి గేరు ఎప్పుడు మారాలో కాలికి తెలుస్తూనే ఉంటుంది, బల్ల కింద కాలు ఆడుతూనే ఉంటుంది. విచారణలో వాళ్ళ మాటే ఖాయమైతే ఈ కాలిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఒక చిన్న మాట అడుగుతాను. వాడికి రాయకు. స్టీరింగు నూనె డబ్బాకు మూత లేకపోతే ఏమవుతుంది?

నీ కూతురులాంటిది


ఓడరేవు వర్క్‌షాపు
శుక్రవారం

(అమ్మాయి పేరున ఒకే కవరులో రెండు కాగితాలు)

ఒరేయ్ అగ్గిపెట్టె,

పోస్టరు సంగతి తెలిసింది. ఎవరు చెప్పారో అడగకు. అడగవద్దనడం నీ దగ్గరే నేర్చుకున్నాను.

ఆయన పొద్దున్న చూశాడు. పొద్దున్న బాగానే ఉంది, బాగుందన్నాడు. కళ్ళతో చూసింది చెప్పినవాడిని అబద్ధపు సాక్షి అంటారా? మధ్యాహ్నం ఎందుకు చూడలేదని అడుగు, అది సరైన ప్రశ్న. కానీ ముందు వెళ్ళి తప్పయిందని చెప్పు. తర్వాత ఆయన చేతనే పంపు విప్పించు. పంపులోనే ఉంటుంది, చూస్తూ ఉండు.

బాబాయి

*

అమ్మాయికి,

మూత లేకపోతే దుమ్ము పడుతుంది, కుదుపులకు నూనె చిందుతుంది. అది నీకూ తెలుసు. నువ్వు మూత లేకుండా బండి నడిపే మనిషివి కావు. మరి మూత బదులు ఏం పెట్టావమ్మా?

బాబాయి


యార్డు వెనక గది
మంగళవారం

బాబాయికి,

చెప్పాను. షెడ్డులో అందరూ ఉండగానే చెప్పాను, పోస్టరు అందరూ చదివారు కాబట్టి. "మీ గురించి రాసింది తప్పు. మీరు చూడని దానికి సాక్ష్యం చెప్పారు, అంతవరకే నిజం" అన్నాను. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "క్షమాపణలో కూడా సగం తిట్టే ఉందేమిట్రా" అన్నారు. తర్వాత, "సరే, ఇవాళ మధ్యాహ్నం పహిల్వాన్ పక్కన నేనూ ఎక్కుతాను" అన్నారు.

ఎక్కారు. తిరిగొచ్చాక బోనెట్టు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. "ఆ అమ్మాయి చెప్పినప్పుడే మధ్యాహ్నం చూడాల్సింది. ట్రిప్పులు తగ్గుతాయని బండిని మధ్యాహ్నం షెడ్డుకు పంపరు, నేనూ అడగలేదు" అన్నారు. నా పోస్టరు ఆయన్ను అంత బాధపెట్టలేదు బాబాయ్. ఇది పెట్టింది.

సెలవు రోజు పంపు విప్పాము. నీ పందెం పోయింది. లోపల రెక్కలన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. మేస్త్రి నన్నే చూస్తూ, "మీ బాబాయి ఓడలు బాగుచేస్తాడా, జాతకాలు చెప్తాడా?" అన్నారు. రాయొద్దన్నారు, రాస్తున్నాను.

కానీ పైపు ఊడదీసి నూనెను బకెట్లోకి వంపుతుంటే చివర్లో ఏవో నలుసులు పడ్డాయి. పెసరగింజంత కొన్ని, ఇసుకంత కొన్ని. నల్లగా ఉన్నా, గోటితో గీరితే లోపల పసుపు. ఇనుపరజను కాదు, అయస్కాంతం పెట్టి చూశాను. రబ్బరు కాదేమో, సాగడం లేదు. మేస్త్రి కూడా తల గోక్కున్నారు. అక్కకు చూపిస్తే నీళ్ళు తాగి వస్తానని వెళ్ళిపోయింది.

కొన్ని కాగితంలో మడిచి పంపుతున్నాను. ఇవేమిటో చెప్పు. నిద్ర పట్టడం లేదు, కోపంతో కాదు.

నీ అన్న కొడుకు


ఓడరేవు వర్క్‌షాపు
సోమవారం

ఒరేయ్ అబ్బాయ్,

పందెం ఓడిపోయాను. మేస్త్రికి నా నమస్కారాలు, జాతకం చూపించుకోవాలంటే రమ్మను.

నీ నలుసుల్ని కిరోసిను చుక్కలో కడిగి, ఆరబెట్టి, వేళ్ళ మధ్య నొక్కాను. పెద్దది నొక్కితే అణిగింది, వదిలితే కొంచెం ఉబ్బింది. భూతద్దంలో అంతా చిల్లులే. అది స్పాంజి. వేడి నూనెలో నాని నాని పిండిలా రాలిపోయిన స్పాంజి.

ఇప్పుడు నీ మధ్యాహ్నం సంగతి విను. బండి ఆగి ఉంటే ఆ ముక్కలు చెల్లాచెదురై డబ్బాలో ఊరికే పడి ఉంటాయి. పొద్దున్న దారి ఖాళీ, స్టీరింగు తేలిక. పంపు తిరిగే కొద్దీ నూనెతోపాటు అవీ ఒక్కొక్కటే వచ్చి లాగే పైపు మూతికి అతుక్కుంటాయి. మధ్యాహ్నానికి మూతి మూసుకుపోతుంది. పంపుకు నూనె చాలదు, మూలుగుతుంది, నురగ కడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. ఇంజను ఆపితే మళ్ళీ వదిలేస్తాయి. మేస్త్రికి పొద్దున్న ఏమీ దొరకకపోవడం అందుకే. ఇన్నేళ్ళలో ఇలాంటి రోగం నేను చూడలేదు.

అది బండిలో ఉండే వస్తువు కాదు, బయటి నుంచి వచ్చింది. ఎలా వచ్చిందో నేను చెప్పను. ఒకరికి తెలుసు, వాళ్ళే చెప్పాలి. నువ్వు మాత్రం పోస్టరు జోలికి పోకు.

బాబాయి


టోకెన్ల గది
బుధవారం

బాబాయికి,

ఏం పెట్టావమ్మా అని అడిగావు. నా సీటు పెట్టాను.

ఎండాకాలంలో గతుకుల రోడ్డు మీద ఆ డబ్బా మూత ఎక్కడో ఎగిరిపోయింది. బండి ఆపి వెనక్కి నడిచి వెతికాను, దొరకలేదు. స్టోరుకు వెళ్ళి కొత్త మూత ఇవ్వమంటే స్టోరాయన, "పాతది తే, కొత్తది ఇస్తాను" అన్నాడు. పాతది పోయింది కాబట్టే కొత్తది అడుగుతున్నానండీ అంటే, "అది నాకూ తెలుసమ్మా. పాతది చూపించందే కొత్తది ఇవ్వకూడదు. దొంగతనాలు ఆగడానికి మేనేజరుగారు పెట్టిన రూలు" అన్నాడు. అరిగిపోయినదానికి బదులు దొరుకుతుంది, విరిగినదానికి దొరుకుతుంది. పోయినదానికి మాత్రం ఎప్పటికీ దొరకదు. ఆయన కూడా నవ్వాడు, నేనూ నవ్వాను.

బండి ఆపితే నీళ్ళ కోసం నిలబడ్డ వీధులన్నీ ఖాళీ బిందెలతో ఉండిపోతాయి. అందుకని నా సీటు అంచున చిరిగినచోట స్పాంజి కోసి, ఉండచుట్టి బిగించాను. బాగా పట్టింది. నూనె చిందడం ఆగింది. తెలివైన పని చేశాననుకున్నాను. అరిగితే మళ్ళీ కోసి పెట్టాను. ఎక్కడికి అరుగుతోందో ఆలోచించలేదు.

ఇవన్నీ నిన్న వాడికీ మేస్త్రిగారికీ చెప్పేశాను. మేస్త్రిగారు, "డబ్బా కడిగేస్తాను, ఫిల్టరు మారుస్తాను. లోపల చెత్త ఉందని మాత్రం చెప్తాను. స్పాంజి మాట మన ముగ్గురి మధ్యే" అన్నారు. వాడు వెంటనే ఒప్పుకున్నాడు. నిజం నిజం అని నిద్రలో కూడా కలవరించేవాడు, ఒప్పుకున్నాడు. నా కోసమే.

నేను ఒప్పుకోలేదు. చెప్తే బండి పాడుచేసింది నేనే అంటారు, ఆ సీటు ఇక దక్కకపోవచ్చు. చెప్పకపోతే సీటు దక్కుతుంది, రూలు కూడా అలాగే ఉంటుంది. కడిగి శుభ్రం చేసిన డబ్బాకు కూడా ఇంకా మూత లేదు బాబాయ్. స్టోరాయన మళ్ళీ అదే మాట అన్నాడు.

నీ కూతురులాంటిది


యార్డు వెనక గది
ఆదివారం

బాబాయికి,

అక్క రాసిందంటగా. ఇక నేను రాయాల్సింది మిగతా సగం.

డబ్బా కడిగాము. కొత్త ఫిల్టరు వేశాము, పాతది ఉంది కాబట్టి అది దొరికింది. కొత్త నూనె పోసి, ముందు చక్రాలు లేపి, ఇంజను వెయ్యకుండానే స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పుతూ ఉన్నాను. డబ్బాలోకి బుడగలు వస్తూనే ఉన్నాయి. "తొందరపడకు, లోపలి గాలి అంతా పోనీ" అన్నారు మేస్త్రి. బుడగలు చిన్నవయ్యాయి, అరుదయ్యాయి, ఆగాయి. నా జన్మలో ఏ పనినీ అంత మెల్లగా చెయ్యలేదు. మర్నాడు పహిల్వాన్ ట్రిప్పులన్నీ తిప్పి మధ్యాహ్నం వస్తే, ఇంజను ఆపకుండానే నిలిపిన బండిలోకి అక్కను ఎక్కమన్నాము. రెండు వేళ్ళతో తిప్పింది. మూలుగు లేదు. కిందికి దిగి కిటికీ గదికి వెళ్ళిపోయింది.

డబ్బా మీద ఇప్పుడు తాత్కాలికంగా ట్యూబు ముక్క కప్పి తీగ చుట్టాము. అది చూస్తుంటే నాకొక అనుమానం వచ్చింది. మూత పోయింది ఒక్క అక్క బండికేనా? కడిగేటప్పుడు ప్రతి బండి బోనెట్టూ ఎత్తి చూశాను. బాబాయ్, నువ్వు నమ్మవు. డీజిలు ట్యాంకుకు చెక్క బిరడా. రేడియేటరుకు గుడ్డ కట్టిన స్టీలు గిన్నె. ఒక బండి బ్రేకు నూనె డబ్బాకు సబ్బుపెట్టె మూత. ఒకడు రబ్బరు బంతిని సగం కోసి పెట్టుకున్నాడు. అడిగితే ప్రతివాడూ తలవంచుకుని, "ఎవరికీ చెప్పకురా" అన్నాడు. ఒక్కొక్కడూ ఆ తప్పు తనదొక్కడిదే అనుకుంటున్నాడు. ఎన్నాళ్ళుగానో నేను ఆ బోనెట్ల మీద నీళ్ళు కొడుతున్నాను.

అధికారి శుక్రవారం వస్తున్నాడు. స్పాంజి మాట నేనే చెప్తానంటోంది అక్క. ఒంటరిగా చెప్పనివ్వకూడదు. పోస్టరు జోలికి పోవద్దన్నావు, పోలేదు. ఇది కరపత్రం. ముందు మేస్త్రికి చదివి వినిపించాను. రెండు తిట్లు కొట్టేయించారు, జిగురు ఆయనే కలిపిచ్చారు. ఒక కాపీ నీకు పంపుతున్నాను.

నీ అన్న కొడుకు

*

డ్రైవర్లకు, క్లీనర్లకు, షెడ్డువాళ్ళకు

మన ట్యాంకరు డ్రైవరు ఒకామెను బండి దింపారు. ఆమె చేతుల్లో సత్తువ లేదన్నారు. సత్తువ లేనిది స్టీరింగు నూనెకు. నూనె దారిలో స్పాంజి అడ్డం పడింది. ఆ స్పాంజి పెట్టింది ఆమే. ఆ మాట ఆమే చెప్పమంది. పోయిన మూతకు బదులు మూత దొరకని యార్డులో ఇంకేం పెట్టాలో తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి.

పోయిన వస్తువుకు పాతది తెమ్మనే రూలు మేనేజరుగారిది. ఆ రూలు కింద మనందరం దొంగచాటుగా ఏదో ఒకటి బిగించుకుని తిరుగుతున్నాం. ఎవరి బోనెట్టు కింద ఏముందో నేను చూశాను. ఎవరి పేరూ చెప్పను. మీరే చెప్పండి.

పెద్దాఫీసు అధికారి వస్తున్నారు. విచారణ పొద్దున్న పెట్టబోతే మేస్త్రిగారు వెళ్ళి మధ్యాహ్నానికి మార్పించారు, బండి ఇన్నాళ్ళూ నిజం చెప్పింది ఆ వేళకే కాబట్టి. నూనె సాయం లేకపోతే ఎంత బరువో తెలియడానికి, ఇంజను ఆపి ఉన్న ట్యాంకరు స్టీరింగును ముందుగా అధికారిగారే తిప్పి చూస్తారు, తర్వాత మేనేజరుగారు. మధ్యాహ్నం ఆ బండిని తిప్పడం ఎలా ఉండేదో పహిల్వాన్ తన నోటితోనే చెప్తానన్నాడు. నొప్పుల మందు డబ్బీ కూడా తెస్తున్నాడు.

మీరు కూడా మీ బండికి మూత బదులు పెట్టుకున్న బిరడా, గుడ్డ, గిన్నె, బంతి, ఏదైతే అది, ఊడదీసి చేత్తో పట్టుకుని రండి. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు, బండ్లు కడిగే గట్టు దగ్గర.